ముందు బ్రేకులు రాసుకోండి, పాటలు తర్వాత

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ పబ్బుల్లో ఇప్పుడు తెలుగు లైవ్ బ్యాండ్ లేని వారం లేదు. శని, ఆదివారాలు సరే, వారం మధ్యలోనూ పోస్టర్లు పడుతున్నాయి. సినిమా పాటల్ని వేదిక మీద వాయించి బతికే కవర్ బ్యాండ్లకు ఇది మంచి రోజులే. కానీ కొన్ని క్లబ్బుల ఒప్పందాల్లో ‘మూడు గంటలు, బ్రేక్ లేకుండా’ అన్న షరతు కనిపిస్తోంది. కొత్త బ్యాండ్లు అవకాశం పోతుందేమోనన్న భయంతో దానికి తల ఊపేస్తున్నాయి. ఆ షరతును అడగొద్దని క్లబ్ మేనేజర్లనూ, ఒప్పుకోవద్దని తోటి బ్యాండ్లనూ కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం. ఎందుకో లెక్కలతో సహా చెబుతాం.

నాలుగు గోడల మధ్య రాత్రి 8.30కి మొదలై 11.30కి ముగిసే కార్యక్రమాన్ని తీసుకుందాం. చేతిలో ఉన్నవి 180 నిమిషాలు. చాలామంది ముందు పాటలన్నీ రాసుకుని, ఎక్కడో ఒకచోట బ్రేక్ ఇరికిస్తారు. చేయాల్సింది దానికి తలకిందులుగా. ముందు గడియారం మీద బ్రేకులు పెట్టాలి, ఆ మధ్య ఖాళీల్లో పాటలు నింపాలి. 45 నిమిషాల సెట్, 20 నిమిషాల బ్రేక్, మళ్లీ 45, మళ్లీ 20, ఆఖరున 50. అంటే 8.30 నుంచి 9.15, 9.35 నుంచి 10.20, 10.40 నుంచి 11.30. వాయించేది 140 నిమిషాలు. సినిమా పాట రికార్డులో నాలుగున్నర, అయిదు నిమిషాలు ఉంటుంది. రెండో చరణం ముందున్న బీజీఎంను, అంటే వాద్యాలు మాత్రమే మోగే భాగాన్ని, సగానికి కోస్తే నాలుగుకు దిగుతుంది. చప్పట్లకు, ఒక మాటకు, గిటారిస్టు క్యాపో (తీగల్ని నొక్కి పట్టి శ్రుతి మార్చే క్లిప్) జరుపుకోవడానికి ఇంకో అర నిమిషం. పాటకు నాలుగున్నర నిమిషాల లెక్కన మొదటి రెండు సెట్లకు పదేసి, ఆఖరి సెట్‌కు 11. మొత్తం 31 పాటలు, చేతి కింద మరో ఆరు. 45 పాటలు రాసుకుని వచ్చే బ్యాండ్ మొదటి గంటలోనే పరుగు మొదలుపెడుతుంది. వేగం పెరుగుతుంది, పల్లవులు తెగిపోతాయి.

అయితే బీజీఎం కోసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎనభైలు, తొంభైల పాటల్లో కొన్ని బీజీఎంలను జనం పల్లవితో సమానంగా నోటితో పాడతారు. వాటి మీద కత్తెర పెడితే హాలంతా ఒక్కసారి నీరసపడుతుంది. అలాంటి పాటల్లో రెండో చరణాన్నే వదిలేయడం మేలు.

ఇక బ్రేక్ ఎంతసేపు? పది నిమిషాలు చాలవు. అయిదారుగురు వేదిక దిగి, జనం మధ్య నుంచి దారి చేసుకుని బాత్రూమ్‌కు వెళ్లి, నీళ్లు తాగి వచ్చేసరికే పది అయిపోతాయి. శ్రుతి సరిచూసుకునే టైమ్ ఉండదు. 20 దాటితే ఇంకో చిక్కు. టేబుల్ మీద ప్లేట్లు తీసేశాక వేదిక ఖాళీగా కనిపిస్తే జనం బిల్లు అడుగుతారు. కాబట్టి గడియారంలో 20 కేటాయించి, మైకులో మాత్రం ‘పదిహేను నిమిషాల్లో వస్తాం’ అని చెప్పాలి. 13వ నిమిషానికల్లా వేదిక మీద ఉండాలి. మొదటి సెట్ నాలుగు నిమిషాలు ఆలస్యమైనా 20కీ 15కీ మధ్య ఉన్న ఆ అయిదు నిమిషాలు ఆదుకుంటాయి. ఆ మాట చెప్పేటప్పుడే రాబోయే సెట్‌లో ఏముందో ఒక్క ముక్కలో చెప్పాలి. ‘వచ్చాక తొంభైల పాటలు’ అంటే చాలు, ఆ పాటలకోసం కూర్చునేవాళ్లు కూర్చుంటారు.

మేనేజర్లు ఎక్కువగా అపార్థం చేసుకునేది ఇక్కడే. బ్రేక్ అంటే తమ డబ్బు వృథా అనుకుంటారు. జోరుగా పాట నడుస్తున్నప్పుడు స్టీవార్డ్ టేబుల్ దగ్గర వంగి అడిగింది వినపడదు, డాన్స్ చేస్తున్నవాళ్లు ఆర్డర్ ఇవ్వరు. సంగీతం తగ్గిన ఆ 15 నిమిషాల్లోనే రెండో విడత ఆర్డర్లు వెళతాయి. కిచెన్‌కూ బార్‌కూ బ్రేక్ వేళలు ముందే తెలిస్తే మనుషుల్ని సిద్ధంగా ఉంచుకుంటారు. తెలియకపోతే ఆర్డర్లన్నీ ఒక్కసారి మీద పడి, తిండి టేబుల్‌కు చేరేసరికి సెట్ సగం అయిపోతుంది. లాస్ట్ ఆర్డర్ వేళ ఆఖరి సెట్ మధ్యలో పడేట్టయితే ఆ నిమిషానికి ఎదురుగా నిదానమైన పాట ఒకటి పెట్టాలి. ఊపు మీదున్న పాటలో పడితే స్టీవార్డులు డాన్స్ చేసేవాళ్ల మధ్య తిరగాల్సి వస్తుంది.

గాయకుల గొంతు సంగతి ఇంకా ముఖ్యం. తెలుగు సినిమా పాటల్లో మగగొంతు పాటలు చాలావరకు పై స్థాయిలో ఉంటాయి. స్టూడియోలో ముక్కలు ముక్కలుగా రికార్డు చేసినదాన్ని వేదిక మీద వరుసగా పది పాడాలి. 45, 50 నిమిషాలు పాడిన గొంతుకు 15 నిమిషాల మౌనం దొరికితే రెండో సెట్ నిలుస్తుంది. మౌనం అంటే నిజంగా మౌనమే. బ్రేక్‌లో డీజే సంగీతం హోరులో అభిమానులతో అరుస్తూ మాట్లాడితే పాడినదానికన్నా ఎక్కువ అలుపు. చుట్టూ చప్పుడు ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడతాం, అది మనిషి స్వభావం. కాబట్టి గాయకుడిని స్టోర్ రూమ్‌లోకో, బయట మెట్ల మీదికో పంపేయాలి. సెల్ఫీలు కార్యక్రమం అయ్యాక.

వరుస పేర్చేటప్పుడూ గొంతునే చూడాలి. పై షడ్జమం (పై ‘స’) దాటే పాటలు రెండుకు మించి పక్కపక్కన రాకూడదు. మొదటి సెట్‌లో అలాంటిది ఒక్కటి చాలు. గొంతు బాగా తెరుచుకునేది రెండో సెట్ మధ్యలో, కష్టమైన పాటలకు అదే చోటు. ఆఖరి మూడు పాటలకు ఊపు ఉండాలి గానీ ఎత్తు ఉండకూడదు. ఇద్దరు గాయకులుంటే రెండేసి పాటలకు మారుతూ, మధ్యలో యుగళగీతం వేస్తే ఇద్దరికీ ఊపిరి దొరుకుతుంది. రికార్డు స్కేల్‌లోనే పాడాలన్న పంతం అనవసరం. ఒక స్వరమో, ఒకటిన్నరో దించితే హాలులో పట్టేవాళ్లు అరుదు. గొంతు పీలగా పలికితే పట్టనివాళ్లు ఉండరు.

స్కేల్ దించడంలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. కీబోర్డిస్టు ట్రాన్స్‌పోజ్ బటన్‌తో రెండు మెట్లు దించి ఒక పాట వాయిస్తాడు, తర్వాతి పాటకు దాన్ని సున్నాకు తేవడం మరిచిపోతాడు. గిటార్ ఒక శ్రుతిలో, కీబోర్డ్ ఇంకో శ్రుతిలో మొదలవుతాయి. బేస్ గిటారిస్టు ఎటు పోవాలో తెలియక ఆగిపోతాడు. అందుకే సెట్ లిస్ట్‌లో పాట పేరొక్కటే రాస్తే లాభం లేదు. ప్రతి వరుసలో స్కేల్, ట్రాన్స్‌పోజ్ అంకె, క్యాపో ఏ ఫ్రెట్‌లో, వేగం ఎన్ని బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు), ఎవరు మొదలుపెడతారు, ఎలా ముగుస్తుంది, ఇవన్నీ ఉండాలి. ముగింపు మరీ ముఖ్యం. రికార్డులో చాలా పాటలు సన్నగా వినపడకుండా పోతాయి. వేదిక మీద అలా కుదరదు. పల్లవి చివరి పంక్తి మూడుసార్లు అని ఒక్క దెబ్బతో ఆపడమా, డ్రమ్ రోల్‌తో ఆపడమా అన్నది రిహార్సల్లో తేల్చుకుని కాగితం మీద పెట్టాలి. లేకపోతే నలుగురు ఆగి అయిదోవాడు వాయిస్తూ ఉంటాడు.

సెట్‌కు ఒక ఎ4 కాగితం, అక్షరాలు దూరం నుంచి కనిపించేంత పెద్దవి. ట్యాబ్ వాడేవాళ్లు దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, ఒక కాగితం ప్రతి కింద ఉంచుకోవాలి. అయిదో పాట పక్కన అది ఎన్ని గంటలకు మొదలవ్వాలో రాయాలి. అక్కడికి వచ్చేసరికి అయిదు నిమిషాలు వెనకబడితే తీసేయాల్సిన పాటకు ముందే ఎర్ర చుక్క పెట్టి ఉంచాలి. ఆ ఎర్ర చుక్క ఎప్పుడూ సెట్ మధ్య పాటకే. ఆఖరి మూడు పాటల్ని తాకకూడదు, వాటికోసమే మిగతావి పేర్చాం. క్లిక్ (వాద్యకారుల చెవిలో మోగే తాళం), బ్యాకింగ్ ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాద్యాలు) వాడే బ్యాండ్లయితే ల్యాప్‌టాప్‌లోని వరుస, కాగితం మీది వరుస ఒకటేనని సౌండ్ చెక్‌లో ఒకరు చదువుతూ ఒకరు చూస్తూ సరిపోల్చాలి. చివరి నిమిషంలో రెండు పాటలు తారుమారు చేసి ల్యాప్‌టాప్‌లో మార్చకపోతే డ్రమ్మర్ చెవిలో ఒక వేగం, గాయకుడి నోట ఇంకో పాట.

మూడు సెట్లకూ మూడు పనులు. మొదటి సెట్‌లో జనం తింటుంటారు, మాట్లాడుకుంటుంటారు. 85 నుంచి 105 బీపీఎం మధ్య తెలిసిన మెలొడీలు, శబ్దం తక్కువ. మొట్టమొదటి పాటలో వాద్యాలు ఒక్కొక్కటిగా చేరేట్టు చూసుకుంటే సౌండ్ ఇంజనీర్‌కు ఒక్కో ఛానల్ సరిదిద్దుకునే వీలుంటుంది. ఖాళీ హాలులో చేసిన సౌండ్ చెక్ జనం నిండాక పనికిరాదు. బట్టలూ శరీరాలూ పై పౌనఃపున్యాల్ని మింగేస్తాయి, గాయకుడి మాట మసకబారుతుంది. రెండో సెట్‌లో ఆసాంతం జనం పాడగలిగే పాటలు. మెడ్లీకి కూడా ఇదే చోటు. మూడు నాలుగు పాటలు, ఒకే వేగం, ఒకే స్కేల్ లేదా అర మెట్టు పైకి, ఒక్కో దాంట్లో పల్లవి, ఒక చరణం. ఎనిమిది నిమిషాలు దాటకూడదు. మూడో సెట్ 120 పైన. తీన్మార్ దరువును మాత్రం చివరి 20 నిమిషాలకు దాచుకోవాలి. ఆరు మాత్రల ఆ నడక ఒకసారి మొదలయ్యాక మళ్లీ నాలుగు మాత్రల మెలొడీకి దిగితే డాన్స్ ఫ్లోర్ ఖాళీ అవుతుంది, తిరిగి నింపడం ఎవరి వల్లా కాదు.

సెట్ ముగించే పాట గురించి తరచూ వాదన వస్తుంటుంది. మా మాట ఇది: నిదానమైన పాటతో బ్రేక్‌కు పోవద్దు. ఆ నెమ్మదిలో జనం ఇంటి సంగతి గుర్తు చేసుకుంటారు. ఊపున్న పాటతో ఆపి, చప్పట్లు తగ్గకముందే బ్రేక్ సంగీతం మెల్లగా మొదలవ్వాలి. నిశ్శబ్దం అయిదు సెకన్లకు మించకూడదు. ఆ సంగీతం బ్యాండ్ శబ్దం కన్నా కనీసం 10 డెసిబెల్స్ తక్కువ ఉండాలి. అందులో మూడో సెట్‌లో బ్యాండ్ వాయించబోయే పాటలు ఉండకూడదు. డీజేకు మన జాబితా ముందే ఇస్తే ఈ పొరపాటు జరగదు. బ్రేక్ తర్వాత మొదటి పాట డ్రమ్స్‌తోనో, అందరికీ తెలిసిన బీజీఎంతోనో మొదలై, అయిదు సెకన్లలో గుర్తుపట్టేదై ఉండాలి. ఆలాపనతో మొదలయ్యే పాట ఎంత గొప్పదైనా అక్కడ వద్దు.

బ్రేక్‌లో వేదిక మీద చేయాల్సినవీ ఉన్నాయి. మైకులన్నీ మ్యూట్. వైర్‌లెస్ మైకు, ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే స్పీకర్) ప్యాకుల్లో కొత్త బ్యాటరీలు రెండో బ్రేక్‌లో వేయాలి, ఛార్జి గీతలు ఇంకా కనిపిస్తున్నా సరే. అవి పోతే పోయేది ఆఖరి సెట్‌లోనే. గిటార్ శ్రుతి సరిచూడాలి. ఏసీ చల్లదనానికి స్టీల్ తీగలు బిగిసి శ్రుతి పెరుగుతుంది, జనం నిండి లైట్లు వేడెక్కితే సాగి తగ్గుతుంది. ఫ్లూట్ దీనికి వ్యతిరేకం, వేడికి దాని శ్రుతి పెరుగుతుంది. డప్పు, ఢోలక్‌ల చర్మం వానాకాలపు తేమకు వదులవుతుంది. అందువల్ల సౌండ్ చెక్‌లో కలిసిన వాద్యాలు 9.35కి కలిసే ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఫలానా పాట కావాలని జనం పంపే చీటీల గొడవకూ బ్రేకే మందు. పాట మధ్యలో వేదిక మీదికి చీటీలు తీసుకుంటే ఒక్కరికి ఇచ్చి పదిమందికి లేదనాలి. బ్రేక్‌లో ఒకరే తీసుకుని మూడు కుప్పలు చేయాలి. బాగా వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. బాగా వచ్చినవాటి కోసం సెట్‌కు రెండు ఖాళీలు ముందే ఉంచుకోవాలి. సగం వచ్చినదాని పల్లవి మాత్రం మెడ్లీలో కలపొచ్చు. ఫోన్‌లో సాహిత్యం చూస్తూ రాని పాట ఎత్తుకోవద్దు. అక్కడ మాటలుంటాయి గానీ చరణం ముందు ఎన్ని తాళావర్తాలు ఆగాలో ఉండదు. పుట్టినరోజులన్నీ కలిపి రెండో సెట్ మొదట్లో ఒకేసారి, అందరూ పాడగలిగే స్కేల్‌లో. టేబుల్‌కు ఒకసారి చొప్పున వాయిస్తే సెట్ ముక్కలైపోతుంది.

ఐపీఎల్ రోజుల్లో గడియారం వేరు. రాత్రి 7.30కి మొదలైన మ్యాచ్‌లో ఇన్నింగ్స్ విరామం వచ్చేది తొమ్మిది దాటాక. సన్‌రైజర్స్ ఆడుతుంటే తెర ఉన్న పబ్బులో ఆఖరి ఓవర్ల మీద పాట పెట్టి లాభం లేదు. ఆ రోజు మొదటి సెట్‌ను 30 నిమిషాలకు కుదించి, ఇన్నింగ్స్ విరామంలో చిన్న సెట్ వేసి, అసలు సెట్‌ను మ్యాచ్ అయ్యాక పెట్టాలి. ఇది మేనేజర్‌తో ముందురోజే తేల్చుకోవాల్సిన విషయం.

శబ్దం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే పబ్బుల హోరు మీద పొరుగువాళ్ల కోపంలో న్యాయం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మూసిన ప్రాంగణాల్లో తప్ప లౌడ్ స్పీకర్లు, వాద్యాలు వాడకూడదు. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. రూఫ్‌టాప్ మూసిన ప్రాంగణం కాదు. అక్కడ బ్యాండ్ పదిలోపే ముగియాలి. 7 నుంచి 7.45, 8.05 నుంచి 8.50, 9.10 నుంచి 9.55. జనం ఎనిమిదిన్నర దాకా రారని మేనేజర్లు అంటారు, నిజమే. అలాంటప్పుడు మొదటి సెట్‌ను కహోన్ (చేత్తో వాయించే పెట్టె డ్రమ్), గిటార్‌లతో తేలికగా నడిపి బలాన్ని రెండో మూడో సెట్లకు దాచుకోవచ్చు. నాలుగు గోడలున్న హాలులోనైనా గోడ దాటేది బేస్ శబ్దమే. పొరుగు నుంచి ఫిర్యాదు వస్తే ఇంజనీర్లు మాస్టర్ ఫేడర్‌తో మొత్తం శబ్దాన్ని తగ్గిస్తారు, పాట పోతుంది. ముందు బేస్ శబ్దాన్నిచ్చే సబ్‌వూఫర్లు తగ్గించాలి.

చెవికీ లెక్క ఉంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు భరించదగినదైతే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ కాలం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు సూచించిన పై హద్దు 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్. జనానికి చెవి విశ్రాంతి తీసుకునే నిశ్శబ్దమైన చోటు ఉండాలని కూడా అందులోనే ఉంది. వాద్యకారులూ, బార్ వెనక నిలబడే కుర్రాళ్లూ వారానికి నాలుగు రాత్రులు ఆ హోరులోనే ఉంటారు. వాళ్ల చెవులకు ఆ రెండు 20 నిమిషాలే దిక్కు. ఇంజనీర్ చెవి కూడా అలసిపోతుంది. అలసిన చెవికి అంతా మందంగా వినిపించి, మూడో సెట్‌లో తెలియకుండానే ఫేడర్లు పైకి పోతాయి. మొదటి సెట్‌లో మాస్టర్ ఫేడర్ ఎక్కడుందో పక్కన టేపు అంటించి గుర్తు పెట్టాలి. ఆఖరి సెట్ దానికి 6 డెసిబెల్స్ పైన ఆగాలి.

వాయించిన జాబితాను చించేయొద్దు. వేదిక మీద పాటలు వాయించడానికి ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంస్థ) లైసెన్స్ తీసుకోవాల్సిన బాధ్యత సాధారణంగా క్లబ్బుదో, నిర్వాహకులదో. ఏ పాటలు వాయించారో ఆ జాబితా కూడా జతచేస్తే రాసినవాళ్లకూ స్వరపరిచినవాళ్లకూ చేరాల్సింది చేరే వీలుంటుంది. వాళ్ల పాటల మీద బతుకుతున్నాం, ఆ మాత్రం చేయాలి.

క్లబ్ యాజమాన్యాలకు మా విన్నపం: ఒప్పందంలో ‘మూడు గంటలు’ అన్నచోట మూడు సెట్ల వేళలూ, రెండు బ్రేకుల వేళలూ అంకెల్లో రాయండి. బ్రేక్ సమయం పారితోషికంలో భాగమేనని రాయండి. 11.30 దాటితే ప్రతి 15 నిమిషాలకూ ఎంతో రాయండి. తలుపు వేసుకోగల ఒక చిన్న గది, ఫ్రిజ్‌లో పెట్టని మామూలు నీళ్లు, సౌండ్ చెక్ అయ్యాక మొదటి సెట్‌కు గంట ముందే భోజనం ఇవ్వండి. రెండో బ్రేక్‌లో బిర్యానీ పెడితే ఆఖరి సెట్ పాడలేరు.

ఇట్లు,
కవర్ బ్యాండ్ల వాద్యకారులు, గాయకులు, సౌండ్ ఇంజనీర్లు కొందరు
హైదరాబాద్